“గ్యాసేలే, అబ్బాయిని లేపకు”

మా అత్తయ్యకి ఆ రాత్రి వచ్చింది గుండెపోటని ఇంట్లో ఎవరికీ తోచలేదు. సినిమాల్లోలా ఛాతీ పట్టుకుని పడిపోలేదు కదా మరి!

సంక్రాంతి ముందు రోజులు. పొద్దున్నుంచీ అరిసెల పాకం దగ్గరే ఉన్నారు. రాత్రి 11 గంటలకి వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. పీట మీద కూర్చుని దవడ రుద్దుకుంటున్నారు. వీపు లాగుతోందన్నారు, వాంతి వచ్చేలా ఉందన్నారు. అంత చలిలోనూ జాకెట్టు చెమటకి తడిసిపోయింది. “గ్యాసేలే అమ్మాయ్. కాసిని వాము నీళ్లియ్యి. అబ్బాయిని లేపకు, పొద్దున్నే డ్యూటీ ఉంది” అన్నారు. ఇచ్చాను. వీపుకి బామ్ కూడా రాశాను.

తెల్లారి 5 గంటలకి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఈసీజీ చూసిన డాక్టరుగారు అడిగిన మొదటి మాట, “ఎప్పటినుంచి?” నాకు నోరు పెగల్లేదు.

అత్తయ్య బతికారు. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు మేడ మెట్లు ఆగి ఆగి ఎక్కుతారు. చూసినప్పుడల్లా నాకు ఆ 6 గంటలే గుర్తొస్తాయి.

ఆడవాళ్లకైనా గుండెపోటులో ఎక్కువగా ఉండేది ఛాతీలో నొప్పి, బరువు, బిగింపే. కానీ దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ, మెడ, వీపు, భుజాల్లో నొప్పి, ఆయాసం, చల్లటి చెమట, వికారం, వింత నీరసం మనలో మగవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తాయి. గ్యాసో గుండెో తేల్చాల్సింది ఈసీజీ, రక్తపరీక్ష. మన వాము డబ్బా కాదు.

అయినా నా దృష్టిలో అసలు తప్పు వాము నీళ్లది కాదు, “అబ్బాయిని లేపకు” అన్న మాటది. అదే నొప్పి మామయ్యకి వచ్చుంటే అత్తయ్య వీధంతా లేపేసేవారు. ఇంట్లో అందరి నిద్రా మన ప్రాణం కంటే విలువైందని మనకి ఎవరు నేర్పారు?

ఇలాంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకండి, స్కూటర్ ఎక్కించకండి, కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ అందరికీ పడదు, ఫోన్‌లో అడిగాకే ఇవ్వండి. స్పృహ తప్పి ఊపిరి ఆగితే, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి.

తీరా వెళ్లాక గ్యాసే అని తేలితే? ఒక రాత్రి నిద్ర పోతుంది, కాస్త సిగ్గేస్తుంది. ఆ సిగ్గేదో పడదాం.