ఇంటి కంప్యూటరు, వృత్తికళ
తుంగభద్ర ఎడమకాలువ నీటిని నమ్ముకొని కోస్తాంధ్రమునుండి వచ్చి స్థిరపడిన రైతుకుటుంబముల క్యాంపులు రాయచూరు జిల్లాలోని సింధనూరు, మాన్వి ప్రాంతములయందు నేటికిని తెలుగు మాటలాడుచున్నవి. కావున ఇచ్చటి డీటీపీ కేంద్రములలో శుభలేఖ ఒకటి కన్నడమున, మరియొకటి తెలుగున సిద్ధము కావలసియుండును. ఇంటివాడుకకై అమ్ముచున్న కొత్త డెస్క్‌టాప్ ఇట్టి వృత్తికి చాలునా యనునదే ఈ వ్యాసమునకు ప్రధానవిషయము.

పుటవిన్యాసమునకు, ఛాయాచిత్రములకు నిస్సందేహముగ చాలును. 1984లో మెకింటోష్, 1985లో లేజర్‌రైటర్, పేజ్‌మేకర్ వచ్చి డెస్క్‌టాప్ ప్రచురణకు బాట వేసినదియు చిన్న యంత్రములమీదనే గదా! అయితే 2024 నాటి మాక్ మినీవంటి వానిలో ర్యామ్ చిప్‌తోనే కూడియుండుటచే, ప్రారంభశ్రేణిలోని 16 జీబీని కొన్నపిదప పెంచుట అసాధ్యము. 256 జీబీ నిల్వయో, వీడియో కూర్చువారికి అనతికాలముననే నిండిపోవును. వేసవిలో 40 డిగ్రీలు మించు ఈ సీమలో గంటలకొలది రెండరింగు చేయు యంత్రము వేడికి తన వేగమును తానే తగ్గించుకొనవచ్చును.

తెలుగు అక్షరముల చిక్కు వేరు, మాకు మిక్కిలి బాధాకరమైనదియు అదియే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండియు ఉన్నను, ముద్రణాలయములలో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్ల వాడుక తొలగలేదు. వానిని టైపుచేయు స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌పై నడచునది. కావున మాక్ కొనదలచినవారు తమ పాత ఫైళ్ళను అందు తెరచి, ఒత్తులు, గుణింతములు సరిచూచుకొనిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. మిగులు ధనమును రంగులను యథాతథముగ చూపు మానిటరుకును, యూపీఎస్‌కును వెచ్చింపవలెను.