ఇంటి పన్నుకు కొత్త పటాలు: మన కాగితాలు సరిగా ఉన్నాయా?

ఇంటి పన్ను కట్టడానికి ఒకప్పుడు బిల్ కలెక్టరు టేపు పట్టుకొని గుమ్మం ముందుకు వచ్చేవాడు. నేడు డ్రోను మన కప్పుల మీదుగా ఎగిరి ఫొటోలు తీస్తున్నది. వాటితో కంప్యూటరులో తయారుచేసేదే జి.ఐ.ఎస్. పటం. అందులో ప్రతి ఇంటికీ ఒక సంఖ్య ఇచ్చి విస్తీర్ణం, వాడకం, పన్ను వివరాలు జతచేస్తారు. గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ 2024లో ఇటువంటి సర్వే మొదలుపెట్టింది. పల్లెల్లోని ఇళ్ళ స్థలాలను డ్రోన్లతో కొలిచేందుకు కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించింది.

ఈ పనిని కేవలం అనుమానంతో చూడటం తగదు. మూడంతస్తులు కట్టి ఒక్క అంతస్తుకే పన్ను చెల్లించేవారు ఉన్నారు. రెండు గదుల ఇంటికి పూర్తి పన్ను కట్టే పేదవాడికి అది అన్యాయమే. సరైన పటం ఈ తేడాను బయటపెడుతుంది.

అయితే పైనుండి చూసే కంటికి కప్పు కనిపిస్తుంది గాని, ఇంటి వయసు కనిపించదు. హైదరాబాద్‌లో ఇంటి పన్నును అద్దె విలువ మీద లెక్కించే పద్ధతిలో, కట్టి 25 ఏళ్ళ లోపు అయితే 10 శాతం, 40 ఏళ్ళ వరకు 20 శాతం, ఆపైన 30 శాతం తగ్గింపు ఉన్నది. పాతబస్తీలో తాతల నాటి ఇంట్లో ఉండేవారు ఆ వయసుకు రుజువు చూపకపోతే నష్టపోయేది వారే.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. 2020లో చట్టం సవరించి, 2021-22 నుండి పట్టణాల్లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను విధించారు. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుండి 0.50 శాతం వరకు హద్దు పెట్టారు. స్థలం విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ ధరలే. కనుక గల్లీ లోపలి ఇంటిని పటంలో పెద్ద రోడ్డు ధరకు జతచేస్తే, గోడ ఒక్క అంగుళం జరగకుండానే పన్ను పెరుగుతుంది. కొలత సరిగా ఉన్నంత మాత్రాన విలువ సరిగా ఉన్నట్టు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు ఎవరిదో పటం తేల్చదు. మన కుటుంబాల్లో తండ్రి మరణించి ఇరవై ఏళ్ళయినా రికార్డుల్లో ఆయన పేరే ఉంటుంది. లేదా పెద్దన్న ఒక్కడి పేరు మీద పన్ను రశీదు వస్తుంది. పన్ను రశీదు యాజమాన్య హక్కు పత్రం కాదు. అయినా అదే పేరు కొత్త రికార్డులోకి ఎక్కితే, తల్లికీ అక్కచెల్లెళ్ళకూ షరీఅత్ ఇచ్చిన వాటా కాగితం మీద కనుమరుగవుతుంది. తరువాత దాన్ని సరిచేయించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాలి.

అందుచేత ప్రభుత్వాలను మేము కోరేది ఇది: పన్ను పెంచే ముందు ఇంటింటికీ వచ్చి సరిచూడాలి, నోటీసులు తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఇవ్వాలి, అభ్యంతరాలకు తగిన గడువు ఉంచాలి. మన పని మనం చేయాలి. దస్తావేజులు, పాత రశీదులు, మరణ ధ్రువపత్రాలు ఒకచోట పెట్టుకోవాలి. వారసులందరూ కూర్చొని వాటాలు రాసుకొని పేర్లు మార్పించుకోవాలి. సర్వే వారు తలుపు తట్టకముందే ఈ పని పూర్తికావడం మేలు.