పాత మిల్లులకు ఇంకను పనియున్నది

తెలంగాణ ప్రభుత్వ పురపాలక శాఖవారికి,



1967లో నాగార్జునసాగరము ఎడమ కాలువకు నీరు వదలిన పిదప, మెట్టపైరులతో కాలము వెళ్లబుచ్చిన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిమాగాణమై, ఆ ధాన్యమును ఆడించుటకు లేచిన మిల్లులవలననే మిర్యాలగూడ పేరు దూరదేశపు బియ్యపంగళ్లకెక్కిన సంగతి తమరెరుగనిది కాదు. ఊరి నడుమ చిక్కుకొన్న పాత మిల్లుల గతియేమని అడుగుటకే ఈ లేఖ.

ధాన్యమును ఆవిరిపై ఉడికించి, విశాలమైన సిమెంటు కల్లములమీద ఆరబోసి, కూలిజనము ఎండలో నిలిచి తిరుగవేసిన కాలమున ఎకరములకొలది నేల మిల్లుకు అవసరమయ్యెను. డ్రయ్యర్లు వచ్చినవి, కల్లమునకు పనిపోయినది. ఊక బూడిద తమ డాబాలమీద రాలుచున్నదని ఇరుగుపొరుగువారు మొరపెట్టుటయు న్యాయమే. మిల్లు ఊరివెలుపలికి పోవలసినదే. అయితే మిల్లు పోయినంతమాత్రమున కట్టడమును పడగొట్టవలెనా? హైదరాబాదు-విజయవాడ రహదారి విస్తరించి సూర్యాపేట, కోదాడలలో గజము ధర పెరిగిన తరువాత ఈ ప్రశ్న అడుగువారే అరుదైనారు.

ఓరుగల్లు ఆజంజాహి మిల్లును తలచుకొనుడు. 1934లో నిజాము ఏలుబడిలో వెలసి, పత్తిని నూలుగను నూలును బట్టగను మార్చుచు, వేలాది కుటుంబములకు అన్నము పెట్టిన ఆ కర్మాగారము మూతపడగా యంత్రములు పోయినవి, షెడ్లు కూలినవి, నేల ప్లాట్లైనది. జిల్లా కచేరికిని అందులోనే చోటు దొరకినది. కచేరి అక్కరలేదని నేననను, కాని నాలుగు షెడ్లనైన నిలిపి అందులోనే దానిని నడుపరాదా అని మాత్రము అడుగుదును. హైదరాబాదు సైఫాబాదులో 1903 నాటి టంకశాల, నాణెముల ముద్రణ 1997లో చర్లపల్లికి తరలిన పిమ్మట ఏండ్లతరబడి మూలబడియు, 2022లో ప్రదర్శనశాలగా తలుపులు తెరచెను. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కాకపోవుటకు కారణము ధనలోపము కాదు. కోటలను, గుళ్లను తలచినంత సులభముగా రేకుల షెడ్డు ఎవరికిని తలపునకు రాదు.

స్తంభములు లేని పొడవైన కొట్టు, ఎత్తయిన కప్పు, లారీ తిరుగు ఆవరణ: రైతుబజారుకు గాని, గ్రంథాలయమునకు గాని, యువకుల వృత్తిశిక్షణకు గాని ఇంతకంటె ఏమి కావలెను? ప్రైవేటు స్థలమును ఊరకే లాగుకొనుమని నా కోరిక కాదు; కట్టడమును నిలుపు యజమానికి పన్నులోను, అనుమతి రుసుములోను సడలింపు నిండు.

కూల్చివేతకు దరఖాస్తు వచ్చిన ప్రతి పాత మిల్లుకును ముందుగా కొలతల పటములు, ఛాయాచిత్రములు తీయించి, మరొక ఉపయోగము సాధ్యమా యని పురపాలక సంఘము బహిరంగముగా విచారించిన పిదపనే అనుమతి నొసగునట్లు, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పట్టణములకును ఉత్తరువులు జారీచేయ ప్రార్థన.

ఇట్లు,
మిర్యాలగూడ వాస్తవ్యుడొకడు