ఐసీయూ తలుపు దగ్గర ఆ సంతకం ఎవరిది?

కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్‌ కొనసాగించాలా, ఆపాలా? దీనికి సుప్రీంకోర్టు దారి చూపింది. ఆ దారి మన ఆసుపత్రుల్లోకి, మన ఇళ్లలోకి రావాల్సి ఉంది.

అర్ధరాత్రి ఐసీయూ తలుపు దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. ఏ పెద్దాసుపత్రిలో పనిచేసే వైద్యుణ్ని అడిగినా చెబుతారు. ‘‘సార్‌, ఇంక లాభం లేదన్నారు కదా. ఇంటికి తీసుకుపోతాం. ఊపిరి ఇంటి దగ్గరే పోనీయండి’’. అడిగేది పెద్దకొడుకు. పక్కన కోడలు కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. విదేశంలో ఉన్న చిన్నకొడుకు ‘నేనొచ్చేదాకా ఏదీ ఆపొద్దు’ అని ఫోన్లో అంటుంటాడు. లోపల మంచం మీదున్న పెద్దాయనకు ఏది ఇష్టమో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన మాట్లాడగలిగిన రోజుల్లో ఎవరూ అడగలేదు.

చివరికి కేసు షీటులో ఒక వాక్యం రాస్తాం. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టంతోనే రోగిని తీసుకెళ్తున్నాం అని. కింద కొడుకు సంతకం. ఆసుపత్రి భాషలో దీన్ని ‘లామా’ అంటాం. చాలాసార్లు ఆ వాక్యం నిజం కాదు. చికిత్సతో ఇక ప్రయోజనం లేదని వైద్యుడికీ తెలుసు. అయినా ఆ మాట తన చేత్తో రాయడానికి భయం. రేపు కేసు అయితే? అందుకే ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం భారాన్ని ఒక్క కొడుకు సంతకం మీదికి నెట్టేస్తాం.

ఆ తర్వాత జరిగేది ఇంకా బాధాకరం. అంబులెన్స్‌లో చేత్తో బ్యాగు నొక్కుతూ ఊరికి చేరుస్తారు. ఇంటికెళ్లాక గొట్టం తీసేస్తారు. ఆయాసం తగ్గించే మార్ఫిన్‌ ఉండదు, చూసుకునే నర్సు ఉండదు. రోగి ఊపిరి కోసం కొట్టుమిట్టాడుతుంటే ఇంటిల్లిపాదీ చూస్తూ నిలబడాలి. ‘మేమే చంపుకొన్నామా’ అన్న ప్రశ్న ఆ కొడుకును ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఇదే నిర్ణయాన్ని చట్టబద్ధంగా, రోగికి బాధ లేకుండా తీసుకునే మార్గం ఉంది. దాని గురించి మీరు తెలుసుకోవాలి.

కోర్టులు ఏం చెప్పాయి?

ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన అరుణా షాన్‌బాగ్‌ 1973లో దాడికి గురై, దశాబ్దాల పాటు అచేతనంగా మంచానికే పరిమితమయ్యారు. ఆమెకు ఆహారం ఆపాలన్న అభ్యర్థనను 2011 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అన్నేళ్లూ ఆమెను కంటికి రెప్పలా చూసుకున్న ఆసుపత్రి సిబ్బంది దాన్ని వ్యతిరేకించారు. అయితే తగిన పరిస్థితుల్లో, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను ఆపవచ్చని అదే తీర్పు చెప్పింది.

2018 మార్చి 9న ‘కామన్‌ కాజ్‌’ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. గౌరవంగా మరణించడం కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. నాకు ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ‘లివింగ్‌ విల్‌’కు గుర్తింపునిచ్చింది. కానీ దానిపై మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆచరణలో అది కొండెక్కినంత పని అయింది. అందుకే 2023 జనవరి 24న కోర్టు ఆ పద్ధతిని సులభం చేసింది.

ఒక తేడా గుర్తుంచుకోండి. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్‌ ఇవ్వడం మన దేశంలో ఇప్పటికీ నేరమే. ఇక్కడ మాట్లాడుతున్నది అది కాదు. చావును వాయిదా వేయడం తప్ప మేలు చేయని చికిత్సను ఆపి, జబ్బును దాని దారిన పోనివ్వడం. పత్రికల్లో రెంటినీ ‘కారుణ్య మరణం’ అనే రాస్తుంటారు. అందుకే ఈ గందరగోళం.

నిర్ణయం ఎలా జరగాలి?

ముందుగా, చికిత్స చేస్తున్న వైద్యుడితో పాటు కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రి ఒక బోర్డు వేయాలి. కోలుకునే అవకాశం లేదని వారు తేల్చాక, ఆసుపత్రే రెండో బోర్డు వేయాలి. అందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి సూచించిన వైద్యుడు ఒకరు, మొదటి బోర్డులో లేని నిపుణులు ఇద్దరు ఉంటారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. లివింగ్‌ విల్‌ ఉంటే అందులో పేర్కొన్నవారి సమ్మతి, లేకపోతే దగ్గరి బంధువుల సమ్మతి తీసుకోవాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి. బోర్డు ఒప్పుకోకపోతే కుటుంబం హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఇంత తతంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. అవసరమే. చికిత్స ఆపమనే మాట వెనుక ప్రేమ ఉండొచ్చు, అప్పులూ ఉండొచ్చు, ఆస్తి తగాదా కూడా ఉండొచ్చు. ప్రైవేటులో డబ్బులన్నీ అయిపోయాక మా దగ్గరికి వచ్చే కుటుంబాలు ఎన్నో. చేతిలో డబ్బు లేకపోవడం, చికిత్సతో ప్రయోజనం లేకపోవడం ఒకటి కావు. అలాగే, వెంటిలేటర్‌ కోసం బయట మరో రోగి ఎదురుచూస్తున్నాడన్నది లోపలి రోగికి చికిత్స ఆపడానికి కారణం కాకూడదు. ఈ తేడాలు పట్టుకోవడానికే ఒకరికి ఆరుగురు వైద్యులు చూడాలన్నది.

రోగి స్పృహలో ఉంటే?

‘‘నాన్నకు క్యాన్సరని చెప్పకండి సార్‌, తట్టుకోలేడు’’. ఇదీ మేం రోజూ వినే మాటే. ప్రేమతోనే అంటారు. కానీ తెలివిలో ఉన్న పెద్దవారి తరఫున మరొకరు సంతకం చేయడం చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లి ఒప్పుకొన్నారని గర్భాశయం తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక ఆమెనే అడగాల్సిందని కోర్టు తప్పుపట్టింది. తల్లి సమ్మతికే విలువ లేనప్పుడు, నాన్నకు తెలియకుండా ఆయన చికిత్సను మనం నిర్ణయించడం ఎలా సరైనది అవుతుంది? ఎంతవరకు తెలుసుకోవాలన్నది కూడా ఆయన ఇష్టమే. ముందు ఆయన్నే అడగాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది

తీర్పు ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న వైద్యుడికి ధైర్యం రాదు. రెండో బోర్డుకు ఎవరు వస్తారో, ఎవరికి ఫోన్‌ చేయాలో తెలియాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. కర్ణాటక 2025 జనవరిలో తీర్పు అమలుకు ఉత్తర్వులిచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లాలో బోర్డుకు వచ్చే వైద్యుల జాబితా, లివింగ్‌ విల్‌ ప్రతులు తీసుకుని భద్రపరిచే అధికారి సిద్ధంగా ఉండాలి.

అంతకన్నా ముఖ్యం ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్‌ కేర్‌. వెంటిలేటర్‌ ఆపడమంటే వైద్యం ఆపడం కాదు. నొప్పి, ఆయాసం, ఆందోళన తగ్గించే వైద్యం చివరి ఊపిరి దాకా సాగాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు మార్ఫిన్‌ అందడాన్ని సులభం చేశారు. తెలంగాణలో పాలియేటివ్‌ కేర్‌ కేంద్రాలు పనిచేస్తున్నాయి, సిబ్బంది ఇళ్లకూ వెళ్తున్నారు. ‘ఊపిరి ఇంటి దగ్గరే పోవాలి’ అన్న కోరిక తప్పు కాదు. దాన్ని బాధ లేకుండా తీర్చే ఏర్పాటు ప్రతి మండలానికీ చేరాలి.

మీరు చేయగలిగింది

* 18 ఏళ్లు నిండి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా లివింగ్‌ విల్‌ రాసుకోవచ్చు. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో అందులో స్పష్టంగా ఉండాలి.

* మీ తరఫున నిర్ణయం చెప్పగలవారి పేర్లు రాయండి. ఒకరి కంటే ఎక్కువమందినీ రాయవచ్చు. ఆ విషయం వారికి ముందే చెప్పండి.

* ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్‌ అధికారి వద్ద ధ్రువీకరణ చేయించండి. సాక్షులు బయటివారైతే మంచిది.

* ప్రతులు ఆ పేర్లున్నవారికి, మీ వైద్యుడికి ఇవ్వండి. బీరువాలో నగల కింద దాచిపెడితే అవసరానికి దొరకదు.

* మనసు మారితే రాతపూర్వకంగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

* ఇంట్లో ఎవరైనా ఐసీయూలో ఉంటే వైద్యుణ్ని సూటిగా అడగండి: ‘‘ఈ చికిత్సతో కోలుకునే అవకాశం ఉందా? లేకపోతే బోర్డు వేస్తారా? పాలియేటివ్‌ కేర్‌ ఎక్కడ దొరుకుతుంది?’’ ఈ ప్రశ్నలు వినగానే లామా కాగితం ముందుకు జరిపే వైద్యుడు కూడా ఒక్క నిమిషం ఆగుతాడు.

కాగితం రాయడం కుదరకపోయినా కనీసం మాట్లాడుకోండి. చావు గురించి మాట్లాడితే అశుభమని మనకో జంకు. అమ్మానాన్నల మందుల చీటీల గురించి, బ్యాంకు నామినీ గురించి అడుగుతాం. ఇదీ అడగాలి. ఈ మాట అడగడానికి ఐసీయూ తలుపు దగ్గరి చోటు మంచిది కాదు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో అందరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు అడగండి. వాళ్లు చెప్పింది గుర్తుంటే, రేపు ఆ కాగితం మీద మీరు సంతకం చేయాల్సి వచ్చినా అది వాళ్ల నిర్ణయమే అవుతుంది.