పాట తరగకుండా దాచుకుందాం

మన ఇళ్లలోని పాత సీడీలు గీతలు పడి ఆగిపోక ముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అయితే ఏ ఫార్మాట్‌లో అన్నదే అసలు ప్రశ్న. దాచే ప్రతి ఫ్లాక్‌లోనే ఉండాలని మేమంటాం.

ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, 16 బిట్లలో రాస్తారు. రెండు చానళ్లకు కలిపి అది సెకనుకు 1,411 కిలోబిట్లు. 128 ఎంపీ3లో మిగిలేది అందులో పదకొండో వంతే. మాటలకు అది చాలు. తాళాల మోత, డోలు దెబ్బ మాత్రం మసకబారుతాయి. ఒకసారి పోయిన శబ్దం మళ్లీ ఏ సెట్టింగుతోనూ రాదు. ఫ్లాక్ దాదాపు సగం జాగాలోనే ఏమీ పోకుండా దాస్తుంది. పైగా ఉచితం.

హార్డ్ డిస్కు 40 జీబీ ఉన్న రోజుల్లో ఎంపీ3 తప్పనిసరి. నేడు ఒక్క టీబీలో వెయ్యికి పైగా సీడీలు ఫ్లాక్‌లో పడతాయి. ఫోన్‌కు కావాలంటే దాని నుంచే ఎంపీ3 చేసుకోవచ్చు. ముందే ఎంపీ3గా ఉన్న సీడీలను ఉన్నదున్నట్లే కాపీ చేస్తే చాలు. ఫ్లాక్‌లోకి మార్చినా లాభం లేదు.

సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. మన ఊరి ఒగ్గుకథ, బతుకమ్మ పాట, హాస్టల్ వార్షికోత్సవ పాట దొరకవు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట ఒగ్గుకథకుడు మిద్దె రాములు గారు 2010లో కన్నుమూశారు. అలాంటి గొంతుకు ఇక రెండో రికార్డింగు లేదు. అందుకే ఒక ప్రతి ఇంట్లో, ఇంకొకటి హాస్టల్‌లో భద్రపరుద్దాం. మన తమ్ముళ్లు కూడా పూర్తి పాటే వినాలి.