రికార్డు భద్రమంటే ఏమిటో ఉత్తర్వులో రాయాలి

యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల, పెద్దారవీడు మండలాల్లో భూమికి ఎంత విలువో భూమి కాగితానికీ అంతే విలువ. మెట్ట పొలం మీద బ్యాంకు అప్పు పుట్టాలన్నా, వెలిగొండ ప్రాజెక్టు కింద పోయిన నేలకు పరిహారం రావాలన్నా, నల్లమల అంచున చెంచు కుటుంబానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా చెల్లాలన్నా చివరికి అధికారి తెరిచి చూసేది రికార్డునే. ఆ రికార్డు ఇప్పుడు తహసీల్దారు ఆఫీసు బీరువా దాటి కంప్యూటర్లలోకి చేరింది. రిజిస్ట్రేషన్ శాఖలో 1998లో కార్డ్ విధానం వచ్చింది. 2015లో మీ భూమి వెబ్‌సైటు వచ్చింది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. ఇదంతా భద్రమేనా అని అడిగితే ఏ శాఖ నుంచైనా వినిపించే జవాబు ‘బ్యాకప్ ఉంది’ అనే. ఆ రెండు మాటల వెనక కనీసం నాలుగైదు వేర్వేరు సంగతులు దాగి ఉండొచ్చు. అందులో కొన్ని నిజమైన భద్రత, కొన్ని భద్రత ఉందన్న భ్రమ. ఏది ఏమిటో ప్రభుత్వమే తెలుగులో, ఒక్కో మాటకు ఒక్కటే అర్థం వచ్చేలా నిర్వచించి, ఉత్తర్వుల్లోనూ టెండరు పత్రాల్లోనూ చేర్చాలి.

రికార్డులో ఒక గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఈ ప్రాంత రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసినప్పుడు, భూమి ఎవరిదో తేలనిచోట పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలే తరాల తర్వాత వారసుల మెడకు చుట్టుకున్నాయి. దున్నుకుంటున్న పొలాన్ని అమ్ముకోలేక, కుదువ పెట్టుకోలేక, నిషేధిత జాబితా నుంచి బయటపడలేక ఎన్నో కుటుంబాలు ఆఫీసుల చుట్టూ తిరిగాయి. ఆ చిక్కు విప్పడానికి 2017లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా చుక్కల భూముల చట్టమే తేవలసి వచ్చింది. పైగా ఈ ప్రాంతపు కాగితం ఒకచోట కుదురుగా ఉన్నది కాదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 వరకు కర్నూలు జిల్లావి. ఆనాడు ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా సరిహద్దులు మళ్లీ మారాయి. సరిహద్దు మారిన ప్రతిసారీ రికార్డు చేతులు మారుతుంది, చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు, ఒక్క గదిలో ఒక్క ప్రతిగా ఉన్న రికార్డు ఎంత బలహీనమైనదో రాష్ట్రమంతా చూసింది.

ఇంకో పాఠం కూడా మన ఊళ్లకు తెలిసిందే. 1984లో రద్దయ్యేదాకా ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. లెక్కలో తప్పు ఉన్నా ఒప్పు ఉన్నా దాన్ని చదివి అర్థం చెప్పగలిగింది ఆయనే. రైతుకు తన పొలం తెలుసు, దాని హద్దులు తెలుసు. ఆ పొలం గురించి పుస్తకంలో వాడే భాష మాత్రం తెలియదు. ఆ తెలియనితనమే కరణానికి అధికారమైంది. ఈరోజు ఆ స్థానంలోకి సర్వర్లు నడిపే కాంట్రాక్టు సంస్థ వస్తోంది. రైతుకే కాదు, సంతకం పెట్టే అధికారికి కూడా ఆ సంస్థ వాడే మాటలు తెలియకపోతే, రికార్డు మీద అసలు పెత్తనం ఎవరిదవుతుంది? చట్టం ప్రకారం ప్రభుత్వానిదే. ఆచరణలో మాత్రం, మాటల అర్థం తెలిసినవాడిది.

పెద్ద సంస్థలు దీర్ఘకాలం దాచాల్సిన డేటాను ఎక్కువగా టేపు కార్ట్రిడ్జి లైబ్రరీల్లో ఉంచుతాయి. బీరువా లాంటి పెట్టెలో వరసగా అరలు ఉంటాయి. ఒక్కో అరలో అరచేతిలో ఇమిడేంత కార్ట్రిడ్జి, దానిమీద బార్‌కోడు ఉంటాయి. అడిగిన కార్ట్రిడ్జిని యంత్రపు చెయ్యి అరలోంచి తీసి, చదివే డ్రైవులో పెట్టి, పని అయ్యాక తిరిగి అరలో ఉంచుతుంది. 1987లో అమెరికాలోని స్టోరేజ్‌టెక్ కంపెనీ తెచ్చిన గుండ్రటి గది లాంటి యంత్రంలో సుమారు 6,000 కార్ట్రిడ్జిలు పట్టేవి. 2021లో వచ్చిన ఎల్‌టీవో అనే రకం టేపు తొమ్మిదో తరం కార్ట్రిడ్జి ఒక్కదానిలోనే 18 టెరాబైట్లు పడుతుంది. ఈ పనంతా నడిపేది కంట్రోల్ సాఫ్ట్‌వేర్. ఏ కార్ట్రిడ్జి ఏ అరలో ఉందో దానికి తెలుసు, కానీ కార్ట్రిడ్జి లోపల ఏ ఊరి అడంగల్ ఉందో తెలియదు. అది తెలిసేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దగ్గరుండే ఇంకో జాబితాకు. ఈ రెండు జాబితాల్లో ఒకటి చెడిపోతే, టేపులన్నీ క్షేమంగా ఉన్నా కావలసిన సర్వే నంబరు వెతికి పట్టుకోవడం మహా కష్టమవుతుంది. అంటే టేపులను కాపాడటం ఎంత ముఖ్యమో, రెండు జాబితాలకూ ప్రతులు ఉంచడం అంతే ముఖ్యం. ‘బ్యాకప్ ఉంది’ అన్న జవాబులో ఈ రెండో సంగతి ఎక్కడా కనిపించదు.

అసలు చిక్కు మాటల దగ్గర మొదలవుతుంది. కార్ట్రిడ్జిని బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి పంపే చిన్న తలుపును ఒక కంపెనీ క్యాప్ అంటుంది, మరొకటి ఐవో స్టేషన్ అంటుంది, ఇంకొకటి మెయిల్ స్లాట్ అంటుంది. ఒకే వస్తువుకు మూడు పేర్లున్నా నష్టం తక్కువే. ఒకే మాటకు ఆఫీసులో ఒక అర్థం, యంత్రం దగ్గర ఇంకో అర్థం ఉండటం ప్రమాదకరం. ఫైలు ఎక్స్‌పోర్ట్ చేశామంటే ఆఫీసులో అర్థం, అసలు అలాగే ఉండి ఇంకో ప్రతి తయారైందని. టేపు లైబ్రరీ దగ్గర ఎక్స్‌పోర్ట్ అంటే కార్ట్రిడ్జిని పెట్టెలోంచి బయటికి తీసేయడం, కొత్త ప్రతి ఏదీ పుట్టదు. ఆడిట్ పూర్తయిందంటే రెవెన్యూ అధికారి లెక్క సరిచూశారనుకుంటాడు. స్టోరేజ్‌టెక్ తరహా కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ అంటే అరల్లోని బార్‌కోడులు చదివి, జాబితాను దానికి తగ్గట్టు దిద్దుకోవడం. టేపు మీది డేటా చదవడానికి వస్తుందో లేదో ఆ ఆడిట్ చూడదు. స్క్రాచ్ అన్న మాటను కొత్తగా వచ్చిన ఉద్యోగి గీత పడి పాడైన టేపు అని అనుకోవచ్చు. నిజానికి, ఇందులో దాచాల్సింది ఏమీ లేదు, దీనిమీద మళ్లీ రాసుకోవచ్చు అని దాని అర్థం. ఒక మండలం రికార్డున్న టేపు పొరపాటున స్క్రాచ్ జాబితాలోకి వెళితే, మరుసటి రోజు దానిమీద వేరే డేటా పడుతుంది. అలాగే బ్యాకప్ అంటే అసలు ఉన్నచోటే ఉండి దానికి మరో ప్రతి ఉండటం. ఆర్కైవ్ అంటే చాలా సందర్భాల్లో అసలునే అక్కడికి తరలించడం. ఆర్కైవ్ చేసిన రికార్డుకు రెండో ప్రతి లేకపోతే, మళ్లీ ఒక్క గదిలో ఒక్క ప్రతి అన్న స్థితికే వచ్చినట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. యంత్రం అరలో ఉన్న కార్ట్రిడ్జి కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కు అందుబాటులో ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ మీద పట్టు దొరికిన దుండగుడికీ అది అందుతుంది. యంత్రంలోంచి తీసి వేరే ఊళ్లో తాళం వేసిన గదిలో పెట్టిన కార్ట్రిడ్జి ఏ నెట్‌వర్కుకూ అందదు. రెండింటినీ కలిపి టేపు బ్యాకప్ అనే అంటారు. ఈ తేడా ఎంత పెద్దదో ఇటీవలి అనుభవాలు చెబుతున్నాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ల మీద, డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద అలాంటి దాడే జరిగి, రోజుల తరబడి రోగుల నమోదు చేత్తో రాసుకోవలసి వచ్చింది. దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండబట్టి ఆస్పత్రి డేటా తిరిగి దొరికింది. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయినప్పుడు, గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకున్నప్పుడు మాత్రం, ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లకు వేరేచోట ప్రతి లేక ఆ డేటా బూడిదైంది. సాంకేతికతలో మనకన్నా ఎంతో ముందున్న దేశమది. సాధనాలకు కొదవ లేని చోట కూడా, ఏ డేటాకు ఎక్కడ ప్రతి ఉండాలన్న నియమం అన్నిటికీ ఒకేలా వర్తించకపోతే ఇంత నష్టం జరుగుతుంది.

ఇలాంటి నిర్వచనాలు మన కార్యాలయాలకు కొత్తవి కావు. రెవెన్యూ ఆఫీసులో ఫైలు ముగించేటప్పుడు ఆర్.డిస్ అని రాస్తే శాశ్వతంగా ఉంచాలని, డి.డిస్ అంటే పదేళ్లు, కె.డిస్ అంటే మూడేళ్లు, ఎల్.డిస్ అంటే ఒక ఏడాది ఉంచాలని జిల్లా కార్యాలయ మాన్యువల్ ఏనాడో నిర్ణయించింది. మార్కాపురంలో గుమాస్తా రాసినా శ్రీకాకుళంలో గుమాస్తా రాసినా అర్థం ఒక్కటే. ఏ ఫైలు ఎప్పుడు తగలబెట్టవచ్చో, ఏది ఎన్నటికీ ముట్టకూడదో తేల్చడానికి ఆ రెండు మూడు అక్షరాలు చాలు. కాగితానికి ఉన్న ఆ కట్టుబాటు టేపుకు కూడా ఉండాలి. ఆర్.డిస్ తరగతి రికార్డున్న కార్ట్రిడ్జి ఎన్నటికీ స్క్రాచ్ జాబితాలోకి పోకూడదని, ఒకసారి రాస్తే చెరపడానికి వీల్లేని వార్మ్ కార్ట్రిడ్జి మీదే దాన్ని రాయాలని ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉంటే, పాత మాన్యువల్ భాషకూ కొత్త యంత్రం భాషకూ ముడి పడుతుంది.

ఇదంతా ఇంజినీర్లు చూసుకోవలసిన పని, ప్రజలకూ తహసీల్దార్లకూ దీనితో ఏం పని అని కొందరు అడగవచ్చు. యంత్రాన్ని నడపడం ఇంజినీర్ల పనే, అందులో సందేహం లేదు. కానీ ఏది శాశ్వతం, ఏది తాత్కాలికం, ఏ ప్రతి ఎక్కడ ఉండాలి అన్నవి పాలనా నిర్ణయాలు. ఆ నిర్ణయం తీసుకునేవారికి మాట అర్థం కాకపోతే నిర్ణయం వారి చేతుల్లోంచి జారిపోతుంది. ఈ మాటలు ఇంగ్లీషులో స్థిరపడ్డాయి, తెలుగు చేస్తే గందరగోళం పెరుగుతుందన్నది రెండో అభ్యంతరం. దీనిలో న్యాయం ఉంది. కార్ట్రిడ్జికీ బార్‌కోడుకూ ఎవరూ పలకని కొత్త పేర్లు కట్టనక్కర్లేదు. అడంగల్, జమాబందీ, తహసీల్దారు కూడా బయటి నుంచి వచ్చి మనవైన మాటలే. మాట ఏ భాషదైనా కానివ్వండి, దాని అర్థం మాత్రం చదివినవాడికి తెలిసే తెలుగులో ఉండాలి. పైగా ఇంగ్లీషులో అవి స్థిరపడ్డాయన్నది కూడా పూర్తి నిజం కాదు. కంపెనీ మారితే మాటలు మారతాయి. స్టోరేజ్‌టెక్ 2005లో సన్ అనే కంపెనీ చేతికి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. కంపెనీలు చేతులు మారే లోకంలో ప్రభుత్వ రికార్డుల భాష ఏ ఒక్క కంపెనీ మాన్యువల్ మీదా ఆధారపడకూడదు.

టేపుల కాలం చెల్లింది, అంతా క్లౌడ్‌లో పెడితే సరిపోతుంది కదా అన్నది మూడో అభ్యంతరం. క్లౌడ్ అన్నా ఎక్కడో ఒక ఊళ్లో ఉన్న కంప్యూటర్లే. ఐరోపాలో అణు పరిశోధన చేసే సెర్న్ సంస్థ తన ప్రయోగాల డేటాను ఈనాటికీ టేపుల మీదే దాస్తోంది. అరలో ఉన్న టేపుకు కరెంటు ఖర్చు కాదు, తగిన చల్లదనంలో ఉంచితే 30 ఏళ్లు నిలుస్తుందని తయారీదార్ల హామీ ఉంది. టేపుకు లోపం లేదని కాదు. ఎల్‌టీవో తొమ్మిదో తరం డ్రైవు ఎనిమిదో తరం టేపును చదువుతుంది కానీ ఏడో తరాన్ని చదవదు. 2025లో వచ్చిన పదో తరం డ్రైవు అంతకు ముందు తరాల టేపులు వేటినీ చదవదు. టేపు 30 ఏళ్లు ఉండి, దాన్ని చదివే యంత్రం ముందే కనుమరుగైతే ఫలితం లేదు. కాబట్టి ఎన్నేళ్లకు ఒకసారి కొత్త తరం టేపుల మీదకు మార్చాలో, ఆ ఖర్చు ఎవరిదో కూడా మొదటి ఒప్పందంలోనే రాసుకోవాలి. టేపు బదులు క్లౌడ్ ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే: రెండో ప్రతి ఎక్కడ, అది నెట్‌వర్కుకు అందుతుందా, జాబితాకు ప్రతి ఉందా, తిరిగి తీసి చూశారా?

చేయవలసిన పని పెద్దది కాదు. ముందుగా రెవెన్యూ, రిజిస్ట్రేషన్, ఐటీ శాఖలు కలిసి ఓ పది మాటల అర్థాలను ఒక పేజీలో నిర్ణయించి, భూ రికార్డుల టెండర్లన్నిటికీ ఆ పేజీని జత చేయాలి. బ్యాకప్, ఆర్కైవ్, ఎక్స్‌పోర్ట్, ఆడిట్, స్క్రాచ్, యంత్రంలోని ప్రతి, యంత్రం బయటి ప్రతి వంటివి అందులో తప్పక ఉండాలి. టెండరులో ఒక అర్థం, కాంట్రాక్టరు నివేదికలో ఇంకో అర్థం ఉంటే టెండరు అర్థమే చెల్లుతుందని అందులోనే రాయాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకసారి, జమాబందీ సమయంలో, ఒక మండలం రికార్డును యంత్రం బయట ఉన్న టేపు నుంచి పూర్తిగా తిరిగి తీసి, ఊరి రికార్డుతో సరిచూడాలి. ఎన్ని ఖాతాలు సరిపోయాయి, ఎన్ని సరిపోలేదు, ఎంత సమయం పట్టింది అన్నవి తహసీల్దారు కార్యాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. దీనికి కావలసిన డబ్బు రీసర్వే లాంటి పథకానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. చుక్కల భూముల చిక్కు విప్పడానికి పట్టిన ఏళ్లు, తిరిగిన మనుషుల కష్టం లెక్కగడితే ఇంకా తక్కువ. మొదటి పరీక్షకు యర్రగొండపాలెం మండలాన్నే ఎంచుకోవచ్చు. ప్రాజెక్టు ముంపు, అటవీ హక్కులు, చుక్కల భూములు అన్నీ చుట్టుముట్టిన ఈ పడమటి ప్రాంతంలో పరీక్ష నెగ్గిన పద్ధతి రాష్ట్రంలో ఎక్కడైనా నిలుస్తుంది. జిల్లా కలెక్టర్ నుంచి శాసనసభ్యుల దాకా ఈ డిమాండును తమదిగా చేసుకోవాలి. బ్యాకప్ ఉందన్న జవాబు విన్న ప్రతి రైతూ, ఏ ప్రతి, ఎక్కడ, చివరిసారి ఎప్పుడు తీసి చూశారు అని అడగగలగాలి, దానికి రాతపూర్వకంగా జవాబు పొందగలగాలి.