గృహపరిశ్రమలు: క్లౌను చేపల సంతానము



చేప చూపుచేతను, తాబేలు తలపుచేతను, పక్షి స్పర్శచేతను తమ పిల్లలను పెంచునని పెద్దలు చెప్పుదురు. మాట సొంపైనదే గాని, చేపలలో పెక్కుజాతులు గ్రుడ్లను నీటిపాలు చేసి తమ దారిని తాము పోవుచుండును. సముద్రములోని పగడపుదిబ్బలయందు వసించు నొక చిన్నచేప మాత్రము గ్రుడ్లను కంటికి ఱెప్పవలె కాచును. కాచునది తల్లియు కాదు, తండ్రి. దానినే క్లౌను చేప యందురు. ఈ చేపలను ఇంట పెంచి పిల్లలను తీయవచ్చునా, దానివలన గృహిణి చేతికి నాలుగురాళ్లు వచ్చునా యని కొందఱు సోదరీమణులు మమ్మడిగియుండిరి. అందుచే ఈ నెల ఆ విషయమునే చేపట్టితిమి.

2003 సంవత్సరమున వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ యను చలనచిత్రమువలన ఈ చేప మన పిల్లలకు చిరపరిచితమైనది. నారింజవన్నె మేను, దానిపై మూడు తెల్లని పట్టెలు. ఈ కుటుంబమున సుమారు 30 జాతులు గలవు. అన్నియు హిందూ, పసిఫిక్ మహాసముద్రములవే. మనదేశమున అండమాను, నికోబారు దీవులయందును, లక్షద్వీపములయందును, తమిళనాటి మన్నారు సింధుశాఖయందును కొన్నిజాతులు నివసించుచున్నవి. పువ్వువలె గనబడుచు ముట్టినవానిని కుట్టునట్టి సీ అనిమోను అను జంతువు చేతులనడుమ ఇవి కాపురముండును. ఒడలిపై గల జిగురుపొర వీనిని ఆ కాటునుండి కాపాడును. గాజుతొట్టిలో ఆ జంతువు లేకున్నను ఇవి గ్రుడ్లు పెట్టును గనుక, దానిని పోషించు శ్రమ మనకు లేదు.

వీని సంసారము విచిత్రమైనది. పుట్టిన ప్రతిపిల్లయు మొదట మగదిగానే యెదుగును. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడుదిగా మారి ఇంటి పెత్తనము వహించును. దానికి తరువాతిది భర్త. తక్కినవి చిన్నవై, అణగి యుండును. పెద్దది మరణించెనా, భర్తయే ఆడుదిగా మారును. చిన్నవానిలో నొకటి దానికి భర్తయగును. చలనచిత్రమున తల్లి పోగా తండ్రి కొడుకును వెదకుచు సముద్రమెల్ల తిరుగును. ప్రకృతి ననుసరించి కథ వ్రాసియుండినచో ఆ తండ్రియే తల్లి కావలసి యుండెను! ఈ వింతవలన మనకొక సౌకర్యము గలదు. ఆడు మగల గుర్తింపు తెలియకపోయినను, ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా రెండు పిల్లలను తెచ్చి యొక తొట్టిలో విడిచినచో కొన్నినెలలకు అవియే దంపతులగును. అనేకములను ఒకచోట ఉంచినచో కలహము తప్పదు.

ఇక నీటిమాట. మా దుత్తలూరు ఉదయగిరి ప్రాంతపు మెట్టసీమలోనిది. బిందెడు నీటివిలువ యెఱిగిన ఊళ్లలో సముద్రమును ఇంట నిలుపుట యేమని కొందఱు నవ్వవచ్చును. మన జిల్లా తూర్పుతీరమున రొయ్యల హేచరీలవారికి సముద్రము గుమ్మముననే యున్నది; మనకు లేదు. నూతినీటిలో వంటయుప్పు కలిపినంతమాత్రమున అది సముద్రజలము కాదు. సముద్రజలమున మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగునవి తగుపాళ్లలో నున్నవి; వంటయుప్పున అవి లేవు. అక్వేరియము సామగ్రి అమ్మువారియొద్ద సముద్రలవణ మిశ్రము దొరకును. ఊరూర వెలసిన శుద్ధజల యంత్రముల నీటిని తెచ్చి, లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున ఆ మిశ్రమును కలిపి, ఒక దినము గాలిబుడగలతో కలియబెట్టి వాడవలెను. తీరమునుండి నీరు తెచ్చుకొనువారు ఈశాన్య ఋతుపవన కాలమున జాగ్రత్త వహింపవలెను. అప్పుడు ఏటినీరు కలియుటచే ఉప్పదనము తగ్గియుండును.

పులుసు మరగినకొలది ఉప్పు హెచ్చునని మనమందఱ మెఱుగుదుము. తొట్టియును అంతియే. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. కావున ప్రతిదినము తగ్గిన మేరకు మంచినీటినే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు. మఱియొక నియమము గలదు. తొట్టి నింపిన నాడే చేపలను విడువరాదు. చేపల మలమువలన పుట్టు అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు వడపోత రాళ్లపై కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అమ్మోనియాయును నైట్రైటును లేవని పరీక్షించి చూచుకొన్న పిమ్మటనే గృహప్రవేశము. జతకు 100 మొదలు 150 లీటర్లు పట్టు తొట్టి చాలును.

చేపలకు అనుకూలమగు వేడి 26 మొదలు 28 డిగ్రీలు. మన మెట్టయెండలలో ఇది సులభము కాదు. తొట్టిని ఉత్తరపు గదిలో నేలకు దగ్గఱగా నుంచి, నీటిమీదికి విసనకఱ్ఱ యంత్రపు గాలి తగులునట్లు చేసినచో నీరు కొంత ఆవిరియై తొట్టి చల్లబడును. కూజానీరు చల్లబడు రహస్యమే యిది. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. అట్టివేళ కరెంటు పోయినచో చేపల ప్రాణమునకు ముప్పు. బ్యాటరీతో నడచు ఎయిరేటరు లేనియింట ఈ పరిశ్రమ తలపెట్టరాదు.

జత కుదిరిన పిమ్మట మెత్తగా తరిగిన రొయ్యమాంసము, ఆల్చిప్పల మాంసము దినమునకు రెండు మూడు మారులు కొలదికొలదిగా పెట్టవలెను. శాకాహారుల యిండ్లవారు ఈ సంగతిని ముందుగా నాలోచించుకొందురు గాక. తొట్టియందొక గచ్చుపలకనో, బోర్లించిన మట్టికుండీనో యుంచవలెను. గ్రుడ్లు పెట్టుటకు ముందు దంపతులు ఆ పలకను నోటితో గీకి గీకి, పండుగకు అరుగు కడిగినట్లు కడుగును. పిమ్మట ఆడుచేప వరుసలు వరుసలుగా గ్రుడ్లు పెట్టుకొని పోవును. మగది వెంబడించి వానిని ఫలింపజేయును. ఒక్కమారునకు నూఱు మొదలు కొన్నివందలు, పెద్దచేపయైనచో వేయివఱకు గ్రుడ్లుండును. పోషణ బాగుగా నున్నచో ఇంచుమించు రెండు వారములకొకమారు ఇట్లు పెట్టుచుండును.

ఇక తండ్రివంతు. అది రేయింబవళ్లు పలకను విడువదు. ఱెక్కలతో విసరి క్రొత్తనీటిని పంపుచు, నోటితో గ్రుడ్లను తుడుచుచు, చెడినవానిని ఏరివేయుచు, దరిచేరినవారి చేతివ్రేలినైనను కొఱుకుచు కాచును. నారింజవన్నె గ్రుడ్లు మూడు నాలుగు దినములలో నల్లబడును. పొదుగు దినములు ముగియవచ్చునప్పటికి వెండిచుక్కలవంటి కన్నులు వెలుపలికి మెఱయును. నీరు 28 డిగ్రీల వేడిగా నున్నచో 6 మొదలు 8 దినములకు, చల్లగా నున్నచో 10 దినములవఱకు పొదుగును. దీపమార్పిన గంటా రెండుగంటలలో చీకటియందు పిల్లలు వెలువడును. ఈ ముచ్చటను ఇంటి పురుషులకు చదివి వినిపించిన తప్పులేదు.

అయితే తండ్రి ధర్మము ఆ రాత్రితో ముగియును. సముద్రమున పిల్లలు వెంటనే ప్రవాహమున గలసి దూరముగా పోవును. వానికి ఆహారమిచ్చునది సముద్రమే. తొట్టిలోనే మిగిలినచో కన్నవారే వానిని తినివేయవచ్చును. కావున కన్నులు మెఱసిన నాటి సాయంకాలము పలకను వేఱొక చిన్నతొట్టికి మార్చి, తండ్రిఱెక్కలకు బదులుగా గాలిబుడగలు గ్రుడ్లప్రక్కగా మెల్లగా పోవునట్లు చేయవలెను. ఇదిమొదలు మనమే ఆ పిల్లలకు సముద్రము కావలెను. ఈ పరిశ్రమలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండును. దాని నోటికి పిండిమేత పట్టదు. పట్టినను అది కదలని దానిని తినదు. తిననిమేత క్రుళ్లి నీటిని చెఱచును. దానికి కావలసినది రోటిఫర్ అను సూక్ష్మజీవి. మిల్లీమీటరులో నాలుగవ వంతునకు మించని యీ జీవులు నానోక్లోరాప్సిస్ అను పచ్చని నాచునీటిని త్రాగి బ్రదుకును. గాజుగ్లాసున నీరు తీసి వెలుతురునకు పట్టినచో కదలెడు ధూళివలె కనబడును. పుట్టిన మఱునాటినుండియు పిల్లచుట్టును ఈ యాహారము ఎల్లవేళల నుండవలెను. గ్రుడ్లు పెట్టించుట తెలిసినవారు సయితము పిల్లలను దక్కించుకొనలేకపోవుటకు కారణము తఱచు ఆకలియే. 1970 దశాబ్దపు ఆరంభమున అమెరికాలోని ఫ్లోరిడాయందు మార్టిన్ మో యను నాయన విక్రయమునకు తగినంతగా పిల్లలను పెంచి త్రోవ చూపెను. మనదేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విళింజము, మండపము కేంద్రములలో పలుజాతుల క్లౌను చేపలకు పెంపకవిధానములను కుదిర్చిరి.

రోటిఫర్ పెంపకము మనకు క్రొత్తవిద్య కాదు, పెరుగుతోడు నిలుపుకొనుటవంటిదే. నేటి పెరుగంతయు వడ్డించినచో రేపటికి తోడుండదు. అట్లే దినమున కొంతభాగము మాత్రమే తీసి, మిగిలినదానికి నాచునీరు పోసి నిలుపుకొనవలెను. ఒక పాత్ర విఱిగినచో ఇంకొకటి యుండునట్లు రెండు పాత్రలలో, రెండు గదులలో పెంచుట మేలు. గ్రుడ్లు కనబడిన పిమ్మట దీనికై వెదకువారు పిల్లలను దక్కించుకొనలేరు. మొదటి గ్రుడ్లకు కొన్నివారములు ముందుగానే రెండు పాత్రలును నిండియుండవలెను.

పిల్లలతొట్టి 30 మొదలు 50 లీటర్లది చాలును. నీరు తల్లితొట్టిలోనిదే కావలెను. ప్రక్కలకు నల్లకాగితము అంటించి, వెలుతురు మందముగా నుంచవలెను. అద్దముపై వెలుగు తళుక్కుమన్నచో పిల్లలు అటే పోయి ముట్టెలు కొట్టుకొనును. అయిదాఱు దినములనుండి అప్పుడే పొదిగిన ఆర్టీమియాను కొంచెము కొంచెముగా చేర్చవలెను. రొయ్యల హేచరీలవలన ఈ పేరు మన జిల్లాలో చాలమందికి తెలిసినదే. దాని గ్రుడ్లను ఉప్పునీటిలో వేసినచో ఒక దినమునకు పొదుగును. పెంకులను వేఱుచేసిన గాని పెట్టరాదు. ప్రతిదినము సన్నని గొట్టముతో అడుగు మడ్డిని తీసి, తీసినంత నీటిని మెల్లగా చేర్చవలెను. 8 మొదలు 15 దినములలో తెల్లపట్టెలు పొడసూపి, పిల్లలు నీటినడుమ తేలుట మాని అడుగునకు చేరును. అప్పటికి వందలో పదియే మిగిలినను తొలిమారునకు గెలుపే. భాగవతమున సత్యవ్రతుని కమండలమందలి చేపపిల్ల క్షణక్షణమునకు పెద్దపాత్రను కోరెను. ఇవి అంత తొందరపెట్టవు గాని, నెలలు గడచినకొలది ఇవియు విశాలమగు తొట్టినే కోరును. విక్రయయోగ్యమగుటకు కొన్నినెలలు పట్టును.

మఱి లాభమన్ననో? కొన్నియేండ్ల క్రిందట ఈముపక్షుల పెంపకమని ఊరించి, పిల్లలను అమ్మి, తిరిగి కొందుమన్నవారు కనబడకపోయిన కథ మన సీమలవారు మఱచియుండరు. చేపవిషయమునను కొనువారెవరో ముందు తెలిసికొనక అప్పుచేయరాదు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకారమత్స్యములకును చోటిచ్చి, స్త్రీలకు వ్యయములో నూటికి 60 వంతుల సహాయము నిర్ణయించిరి. నేడెట్టి సహాయము లభించునో జిల్లా మత్స్యశాఖవారి నడిగి తెలిసికొనవలెను.

ఇందులకు అగత్తి దీవి స్త్రీల మార్గము తగినదని మాకు తోచుచున్నది. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థవారు ఆ లక్షద్వీపమున కేంద్రము నెలకొల్పి, అలంకారపు రొయ్యలను హేచరీలో పుట్టించి, వాని పిల్లలను అచ్చటి స్త్రీలకు పెంచుట కిచ్చిరి. కష్టమగు తొలిదినములు హేచరీవి. ఓపికతో మేపు నెలలు గృహిణివి. మనమును మొదట హేచరీలో పుట్టిన పిల్లలనే తెచ్చి ఒక యేడు పెంచి, వేసవిని ఒకదానిని గడపి, ఆపై గ్రుడ్లమాట తలపెట్టుట మేలు.

కొనునప్పుడును హేచరీలో పుట్టినదేనా యని అడుగుడు. సముద్రమునుండి పట్టితెచ్చిన ప్రతిజతకును ఒక సంసారము చెడును. ఫిలిప్పీను, ఇండోనేషియా తీరములందు కొందఱు సయనైడు విషము చల్లి అలంకారమత్స్యములను పట్టుటచే పగడపుదిబ్బలును నశించినవి. మనదేశమున పగడములను తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే నిషిద్ధము. ఇంటి తొట్టికి అవి అక్కఱయు లేదు. క్లౌను చేప బాగుగా చూచినచో పదియేండ్లకు పైగా బ్రదుకును. పిల్లవాడు నాలుగవతరగతిలో ముచ్చటపడి తెచ్చుకొన్నది వాడు కళాశాలకు పోవునాటికిని ఇంటనే యుండును. అప్పుడు దానికి మేతవేయువారెవరో మనకు తెలియును గదా! ఆ బాధ్యతకు ఒప్పుకొన్నవారే తొట్టి కొనవలెనని మా మనవి.